విశాఖ తీరం: టికెట్ లేని విహారాలు

విశాఖపట్నం ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా పెద్ద నగరం, బంగాళాఖాతం మీద ప్రధాన రేవు, తూర్పు నౌకాదళానికి కేంద్రం. 2011 జనగణన నాటికే నగరపాలక సంస్థ పరిధిలో 17 లక్షల మందికి పైగా ఉన్నారు. ఇంత జనానికీ సాయంత్రమయ్యేసరికి కాళ్లు లాగే చోటు సముద్రపు ఒడ్డే. దక్షిణాన అప్పికొండ నుంచి ఉత్తరాన భీమునిపట్నం (భీమిలి) దాకా సాగే ఆ తీరంలోనూ, దాని వెనకే నిలబడ్డ కొండల మీదా డబ్బు ఖర్చు లేకుండా చూడదగినవి, చేయదగినవి ఏమున్నాయో ఈ వ్యాసంలో చూద్దాం. జలాంతర్గామి మ్యూజియం, కైలాసగిరి రోప్‌వే, జంతు ప్రదర్శనశాల వంటి టికెట్ ఉన్నవాటి ప్రస్తావన దారిలో తగిలినంత మేరకే.

కొండ సముద్రంలోకి దిగిన చోటు

కృష్ణా, గోదావరి డెల్టాల్లో సముద్రం ఒడ్డున నిలబడి వెనక్కి తిరిగితే చూపు ఆనినంత మేరా పొలాలే. విశాఖలో అలా కాదు. తూర్పు కనుమల వరుసలు ఇక్కడ తీరానికి అడ్డంగా వచ్చి నేరుగా నీళ్లలోకి దిగుతాయి. రేవు ముఖద్వారాన్ని కాస్తున్నట్టుండే డాల్ఫిన్స్ నోస్, నగరం మధ్య నుంచి కనిపించే కైలాసగిరి, దానికి ఉత్తరాన రుషికొండ, తొట్లకొండ, భీమిలి పావురాలకొండ అన్నీ ఈ వరుసలకు చెందినవే. ఒక్కో కొండ సముద్రంలోకి ముక్కు చాచిన చోటల్లా రెండు ముక్కుల మధ్య చిన్న వంపు ఏర్పడి అందులో ఇసుక నిలిచింది. విశాఖ తీరం ఒకే పొడవాటి బీచ్‌లా కాక, లాసన్స్ బే, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట అంటూ వరసగా చాలా బీచ్‌లుగా ఉండటానికి కారణం ఇదే.

ఈ కొండలు చూడటానికే కాదు, పనికీ వచ్చాయి. ఒడ్డు నుంచి దూరంగా వెళ్లిన జాలర్లు, వాడబలిజలు ఏ కొండ కొమ్ము ఏ కొండ వెనక్కి వచ్చిందో చూసి తామెక్కడున్నదీ, చేపలుండే రాతి పారులు ఎక్కడున్నదీ గుర్తుపట్టేవారు. జీపీఎస్ వచ్చాక కూడా పెద్దవాళ్లకు ఆ లెక్క గుర్తుంది.

ఆర్కే బీచ్

ఒడ్డునే ఉన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం పేరు మీద రామకృష్ణా బీచ్, అందరి నోట ఆర్కే బీచ్. విశాఖ మొత్తానికి ఇదే వసారా. తెల్లవారుజామున కొంతసేపు బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. ఆ వేళ రోడ్డంతా నడిచేవాళ్లది, పరుగెత్తేవాళ్లది, స్కేటింగ్ నేర్చుకునే పిల్లలది. తూర్పు తీరం కావడంతో సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. సాయంత్రం అదే రోడ్డు ఇసకేస్తే రాలనంత రద్దీగా ఉంటుంది. మురీ మిక్చర్, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, టమాటా బజ్జీల బళ్లు వరసగా నిలబడతాయి. వాటికి చెల్లించాల్సిందే గానీ అవి లేని ఆర్కే బీచ్‌ను విశాఖవాసులు బీచ్‌గా ఒప్పుకోరు.

రోడ్డు మీది నుంచే చూడగలిగినవి చాలా ఉన్నాయి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ఇసుక మీద నిలబడి ఉంది. తొంభై మీటర్లు దాటిన దాని పొడవును అంచనా వేయాలంటే లోపలికి వెళ్లడం కన్నా బయట దాని పక్కన నడవడమే మంచి పద్ధతి. దాని ఎదురుగా టీయూ-142 నిఘా విమానం ఉంది. కొద్ది దూరంలో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన 'విక్టరీ ఎట్ సీ' స్తూపానికి టికెట్ లేదు. ఆ యుద్ధంలోనే, డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. స్తూపం దగ్గర నిలబడి సముద్రం వైపు చూస్తే ఆ చరిత్ర ఎంత దగ్గరలో జరిగిందో తెలుస్తుంది.

ఏటా డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం నాడు యుద్ధనౌకలు, హెలికాప్టర్లు, మెరైన్ కమాండోలు చేసే విన్యాసాలు చాలా ఏళ్లపాటు ఈ ఒడ్డున జనానికి ఉచితంగా దొరికిన అతి పెద్ద ప్రదర్శన. ప్రధాన వేడుక 2023లో సింధుదుర్గ్‌కూ, 2024లో పూరీకీ మారింది. అయినా ఈ ఒడ్డున పెద్ద వేడుకలు ఆగలేదు: 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవానికి ఇక్కడి నుంచి ఉత్తరాన భోగాపురం వైపు కిలోమీటర్ల కొద్దీ రోడ్డు మీదే చాపలు పరిచారు.

బీచ్ రోడ్డు దక్షిణపు కొసన కోస్టల్ బ్యాటరీ అన్న పేరు రెండో ప్రపంచయుద్ధాన్ని గుర్తుచేస్తుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయిన రోజులవి. ఆనాటి కాంక్రీటు బంకర్లు కొన్ని ఇసుకలో కూరుకుపోయి, కోత ఎక్కువైన ఏడాది తల పైకెత్తుతుంటాయి.

ఇసుక లెక్క

బంకర్లు బయటపడటం వింతగా అనిపించినా దాని వెనక సంగతి ఈ బీచ్ మనుగడకు సంబంధించింది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతూ, ప్రతి విరుపుతోనూ కాస్త ఇసుకను ఉత్తరానికి నెడతాయి. శతాబ్దాలుగా దక్షిణం నుంచి వచ్చిన ఇసుకే విశాఖ బీచ్‌లను నింపింది. 1933లో రేవు తెరిచారు. ముఖద్వారాన్ని అలల నుంచి కాపాడటానికి అప్పట్లో రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు. 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం పొడవాటి రాతి కట్టలు సముద్రంలోకి చాచాక ఉత్తరానికి పోవలసిన ఇసుక వాటి దక్షిణపు వైపే ఆగిపోవడం మొదలైంది. అలా ఆగిన ఇసుకను పోర్టు డ్రెడ్జర్లతో తవ్వి నీటితో కలిపి మళ్లీ ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. ఆ పని మందగించిన ఏడాది కోత రోడ్డు గోడదాకా వస్తుంది. అంటే మనం పైసా ఇవ్వకుండా కూర్చునే ఈ ఇసుక ఇప్పుడు ఊరికే వచ్చేది కాదు. ఎవరో తవ్వి తెచ్చి పోస్తేనే నిలుస్తోంది.

ఇక్కడే స్నానం సంగతీ చెప్పుకోవాలి. ఆర్కే బీచ్‌లోనూ, యారాడలోనూ ఒడ్డు నిటారుగా లోతుకు దిగుతుంది. అలలు తెచ్చిన నీరు ఒడ్డున గుమిగూడి, ఏదో ఒక సన్నని కాలువ చేసుకుని జోరుగా వెనక్కి పోతుంది. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే ఆ భాగమే అన్నిటికన్నా ప్రమాదకరం. ఆ లాగుడులో చిక్కినవాళ్లు ఒడ్డుకు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే కొంత దూరంలోనే లాగుడు తప్పుతుంది. దూరప్రాంతాల నుంచి పిక్నిక్‌లకు వచ్చిన కుర్రాళ్లు ఏటా ఈ తీరంలో ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. ఒక్క వాక్యంలో చెప్పగల ఈ జాగ్రత్త ప్రతి బస్సులోనూ, ప్రతి కాలేజీలోనూ చెప్పాలి. లైఫ్‌గార్డు ఈల వేస్తే వెంటనే బయటికి రావాలి.

చేపల రేవు, పాత ఊరు

తెల్లవారకముందే లేవగలిగినవాళ్లకు ఫిషింగ్ హార్బర్‌ను మించిన దృశ్యం లేదు. మర పడవలు తీరాన్ని ఆనుకోగానే గంపలు, ఐసు, అరుపులు, వేలం పాటలు. కోనాం, చందువ, కానాగంతలు, కవళ్లు, రొయ్యలు కుప్పలుగా పడతాయి. వేలం పాడేదీ, కొనేదీ, బేరం తేల్చేదీ చాలావరకు ఆడవాళ్లే. చూడటానికి వెళ్లినవాళ్లు దారికి అడ్డం కాకుండా ఓ పక్కన నిలబడితే ఎవరూ ఏమీ అనరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. అప్పుడు రేవు నిండా లంగరేసిన పడవలు, వలలు బాగుచేసే చేతులు కనిపిస్తాయి. చిన్న బీచ్‌లలో ఇంకా అలివి వల లాగుతారు. ఇరవై ముప్పై మంది రెండు జట్లుగా తాళ్లు పట్టుకుని ఒడ్డుకు లాగే ఆ పనిలో ఓ చేయి వేయడానికి వచ్చే అపరిచితులను జాలర్లు కాదనరు.

హార్బర్ పక్కనే పాత ఊరు, వాడుకలో వన్ టౌన్. ఇక్కడ మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, దర్గా కొండ మీద ఇషాక్ మదనీ బాబా దర్గా, మూడో దాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. మూడింటికీ మెట్లెక్కి వెళ్లవచ్చు, మూడింటి నుంచీ కనిపించేది ఒకే దృశ్యం: ఇరుకైన కాలువలో డాల్ఫిన్స్ నోస్ కిందుగా రేవులోకి మెల్లగా జారే పెద్ద ఓడలు. ఓడ దగ్గరపడే వేళ చర్చి మెట్ల మీద కూర్చుంటే అది మన పాదాల కిందనుంచే వెళ్తున్నట్టుంటుంది.

కురుపాం మార్కెట్, బొబ్బిలి రాజావారి టౌన్ హాలు, పాత పోస్టాఫీసు దగ్గరి విక్టోరియా రాణి విగ్రహం చూస్తూ నడిస్తే గంటన్నరలో పాత ఊరు ముగుస్తుంది. బురుజుపేటలో మాత్రం ఆగాలి. కనకమహాలక్ష్మి అమ్మవారి గర్భగుడికి పైకప్పు లేదు. ఎండా వానా అమ్మవారి మీదే పడతాయి, పసుపు కుంకుమలతో పూజ భక్తులే స్వయంగా చేసుకుంటారు. మార్గశిర గురువారాల్లో అర్ధరాత్రి నుంచే వీధుల్లో వరసలు కడతారు.

భీమిలి దారి

నగరం నుంచి భీమిలి దాకా సుమారు 25 కిలోమీటర్ల తీరపు రోడ్డు విశాఖకు దొరికిన గొప్ప వరం. ఈ దారిన సిటీ బస్సులు తిరుగుతాయి. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ల్లో మహిళలకు ప్రయాణమే ఉచితం కావడంతో, కూలి చేసుకునే ఇళ్లలోని ఆడవాళ్లకూ పిల్లలను తీసుకుని భీమిలి వెళ్లి రావడం చేతికందింది. ఈ వ్యాసంలో ఉచితం అన్న మాటకు నిజమైన బరువు ఆ బస్సు దగ్గరే వస్తుంది. ఇసుక ఎంత ఉచితమైనా అక్కడికి చేరే ఛార్జీ లేనివాళ్లకు అది దూరమే కదా.

దారిలో మొదట లాసన్స్ బే, తర్వాత తెన్నేటి పార్కు. ఉక్కు కర్మాగారం ఉద్యమ నాయకుడు తెన్నేటి విశ్వనాథం పేరు దీనిది. 2020 అక్టోబరులో తీవ్ర వాయుగుండం గాలికి లంగరు తెగి బంగ్లాదేశ్ ఓడ 'మా' కొట్టుకొచ్చి చిక్కుకున్నది ఈ పార్కు కింది రాళ్ల మీదే.

ఆ రాళ్లకు మరో విశేషం ఉంది. అమావాస్య, పౌర్ణమిల దగ్గర పాటు వేళ సముద్రం బాగా వెనక్కి తగ్గుతుంది. విశాఖలో ఆటుపోట్ల తేడా ఆ రోజుల్లో మీటరున్నర దరిదాపు ఉంటుంది. అప్పుడు జోడుగుళ్లపాలెం, రుషికొండ, మంగమారిపేట రాళ్ల మధ్య గుంటల్లో మిగిలిన నీటిలో ఒక చిన్న లోకం బయటపడుతుంది. వేలు దగ్గరికి రాగానే ముడుచుకునే సీ అనిమోన్లు, గుల్లను అద్దెకు తీసుకున్నట్టు మోసుకు తిరిగే సన్యాసి పీతలు, రాతికి అతుక్కున్న నత్తలు, రంగురంగుల నాచు. పక్కన తడి ఇసుక మీద చిట్టి ఎండ్రకాయలు ఇసుకను ఉండలు చుట్టి ముగ్గు పెడుతుంటాయి. ఇలాంటి చోట్ల ప్రకృతి ప్రేమికులు సామూహిక నడకలు నిర్వహిస్తుంటారు గానీ, పంచాంగం, రబ్బరు చెప్పులు, ఓపిక ఉంటే ఇంకెవరూ అక్కర్లేదు. రాయి ఎత్తి చూస్తే మళ్లీ ఉన్నట్టే పెట్టాలి. దేన్నీ ఇంటికి తేకూడదు.

రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. స్నానానికి విశాఖలో ఉన్నవాటిలో కాస్త నయమైనది ఇదే. 2023లో ప్రవేశ రుసుము పెట్టాలన్న ఆలోచన వచ్చి, జనం ఒప్పుకోకపోవడంతో ఆగింది. శుభ్రతకు డబ్బు కావాలన్న మాట నిజమే. అయినా ఆ ఖర్చు గేటు దగ్గర పేదవాడి జేబులోంచి రాకూడదన్న జనం మాటే న్యాయమైనది.

తొట్లకొండ మీది బౌద్ధ ఆరామం 1970ల్లో నౌకాదళం సర్వే చేస్తుండగా వెలుగులోకి వచ్చింది. 1988 నుంచి 1993 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. వాననీటిని నిలవ చేయడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. బావుల వల్ల బావికొండ, పావురాల వల్ల పావురాలకొండ అన్నట్టే. రెండువేల ఏళ్ల కిందట రోమన్, శాతవాహన నాణేలు చేతులు మారిన చోటిది. భిక్షువులు గదులు కట్టుకోవడానికి సముద్రం కనిపించే కొండనే ఎంచుకున్నారంటే, ఇక్కడి గాలి విలువ వాళ్లకూ తెలుసు. గేటు దగ్గర చిన్న రుసుము అడిగినా సాయంత్రం నాలుగింటికి పైన ఉండటం మేలు. మహాస్తూపం 2019 వానలకు కొంత కూలడంతో మళ్లీ పేర్చారు. కొండ దిగితే మంగమారిపేట ఒడ్డున అలలు తొలిచిన సహజ శిలా తోరణం ఉంది. దాని మీదికి ఎక్కడం ఎంతమాత్రం మంచిది కాదు.

ఎర్రమట్టి దిబ్బలు

విశాఖకు వచ్చినవాళ్లు ఒక్క చోటికే వెళ్లగలిగితే ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లాలి. భీమిలికి కాస్త ముందు, తీరం వెంట, సుమారు 1500 ఎకరాల్లో పరుచుకున్న ఎర్రని ఇసుక గుట్టలు. వానకు కోసుకుపోయిన లోతైన గండ్లు, వాటి అడుగున మెత్తటి దారులు, గోడల్లా లేచిన ఎర్రటి అంచులు, పైన జీడిమామిడి, తాటి చెట్లు. పొద్దువాలే వేళ ఆ గోడల రంగు గంటలో నాలుగుసార్లు మారుతుంది.

ఇవి ఎలా వచ్చాయన్నది ఇంకా పెద్ద కథ. గత హిమయుగంలో భూమి మీది నీరు కొంత మంచుగా బిగుసుకుపోయి సముద్రమట్టం నూరు మీటర్లకు పైగా పడిపోయింది. ఇప్పటి ఒడ్డు నుంచి సముద్రం లోపలికి చాలా దూరం నేలగా తేలింది. ఆరిన ఆ నేల మీది ఇసుకను వేల ఏళ్లపాటు గాలి ఎగరేసి తెచ్చి కొండల ఒడిలో పోసింది. తూర్పు కనుమల ఖొండలైటు రాళ్ల నుంచి వచ్చిన ఖనిజాల్లోని ఇనుము గాలికీ తేమకూ తుప్పుపట్టి రేణువు రేణువుకూ ఎర్రని పూత వేసింది. ఆ తర్వాత సముద్రం తిరిగి లేచింది, వానలు వాగులై దిబ్బలను కోశాయి. రాతియుగపు పనిముట్లు కూడా ఇక్కడ దొరికాయి. దక్షిణాసియాలో ఇలాంటివి తమిళనాడు తేరీ ఇసుకల్లోనూ, శ్రీలంకలోనూ తప్ప లేవు.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతో పాటు ఇదీ చేరింది. ఆ మధ్యలోనే, 2024లో, ప్లాట్ల కోసం యంత్రాలతో నేల చదును చేయడం మొదలై గోల కావడంతో ఆగింది. సినిమా షూటింగులు, బైకు పందేలు, అంచుల మీద ఫొటోలు కూడా దిబ్బలను తింటున్నాయి. గండి అంచుకు దూరంగా, అడుగున ఉన్న కాలిబాటలోనే నడవాలి. వాన రోజున అసలు దిగకూడదు. వాటి వయసు ముందు మన ఒక్క సాయంత్రం లెక్కలోకి రాదు గానీ, ఒక్క పొక్లెయినుకు ఆ వయసంతా వారం పని.

భీమిలి

బీచ్ రోడ్డు ముగిసే చోట అనంతగిరి కొండల నుంచి వచ్చిన గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. సంగమం దగ్గర నీరు లోతు తక్కువగా కనిపించినా లాగుడు ఎక్కువ. 17వ శతాబ్దిలో డచ్చివాళ్లు ఇక్కడ వర్తకం పెట్టారు. ఒడ్డుకు దగ్గరలోని వాళ్ల శ్మశానంలో స్తంభాలూ గోపురాలూ ఉన్న సమాధులు, అరిగిన రాతలు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇప్పటికీ తీరుబడిగా నడుస్తుంది. పాత బంగళాలు, రావిచెట్ల నీడలు, పైన కొండ మీద నరసింహస్వామి గుడి. ఒక పూట సరిపోతుంది.

దక్షిణాన

డాల్ఫిన్స్ నోస్ వెనక యారాడ అందమైన బీచ్, మూడు వైపులా కొండలు, జనం తక్కువ. అందుకే రక్షించేవాళ్లూ తక్కువ. ఉక్కు కర్మాగారం దాటి అప్పికొండలో సోమేశ్వరాలయం ఇసుక ఒడ్డునే ఉంది. శివరాత్రికి జాతర.

కాలాలు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ ఆ గుడ్లను ఏరి కంచె వేసిన ఇసుకలో పొదిగించి, వేసవి మొదట్లో పిల్లలను వేకువన సముద్రంలోకి వదులుతుంది. ఒడ్డుకు వచ్చినవాళ్లు కాస్త ఎడంగా నిలబడి చూడవచ్చు. టార్చి, ఫ్లాష్ వెలిగిస్తే అవి దారి తప్పుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉక్క. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ కొండల మీది పచ్చదనాన్ని ఒక్క పూటలో తుడిచిపెట్టింది. ఇప్పుడు కనిపించే చెట్లలో చాలావరకు ఆ తర్వాత లేచినవే.

గిరి ప్రదక్షిణ

విశాఖలో ఆరుబయట జరిగే వాటిలో అన్నిటికన్నా పెద్దది నడకే. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు లక్షల మంది స్వామి గుడి ఉన్న సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు కాలినడకన తిరుగుతారు. కొండ పాదాన తొలిపావంచా (తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ దగ్గర సముద్రాన్ని చేరతారు. అక్కడ చాలామంది మునకేస్తారు. తడి బట్టలతోనే ఎంవీపీ కాలనీ, ఇసుకతోట, సీతమ్మధార, కంచరపాలెం, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ పాదానికి నడుస్తారు. దారి పొడవునా ప్రతి వీధివాళ్లూ మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు పెడతారు. కాళ్లకు నొప్పి మందు రాసేవాళ్లుంటారు. ఆ రాత్రి నగరంలో ఎవరి చేతిలోనూ డబ్బు సంచి కనిపించదు.

ఈ నడకలో నమ్మకం లేనివాళ్లూ పాల్గొంటారు. ఊరు ఆకారం తెలియాలంటే ఇంతకన్నా మంచి మార్గం లేదు: కొండ నుంచి కడలికి, కడలి నుంచి కొండకు. పెద్ద నడక చేయలేనివాళ్లు మామూలు రోజున మాధవధార వైపు పాత మెట్ల దారిన అడవిలోంచి కొండ మీదికి ఎక్కి, గుడి దగ్గరి గంగధారలో తల తడుపుకోవచ్చు. ప్రదక్షిణ చేసినవాళ్లలో ఓపిక ఉన్నవాళ్లు తెల్లవారుజామున, అదే కాళ్లతో, వెయ్యి మెట్లకు పైగా ఎక్కి పౌర్ణమి నాటి దర్శనానికి వరసలో నిలబడతారు.